మేమంతా ఆమేన్ అన్న ప్రార్థన

సహోదరులారా, ఎంసెట్ దగ్గర పడుతున్న రోజుల్లో మా మనవరాలు ప్రసన్న కుడిచెయ్యి పెన్సిలు పట్టడం మానేసింది. అన్నం కలుపుకునేది, జడ వేసుకునేది, పంపు కొట్టి నీళ్లు తెచ్చేది, పెన్సిలు అందుకుంటే మాత్రం వేళ్లు వణికి, జవాబు తెలిసిన ప్రశ్నకు కూడా గుండ్రం నింపలేకపోయేది.

నేను జగ్గయ్యపేట సున్నపురాయి క్వారీలో పనిచేసి మానుకున్నవాణ్ణి. బడికి పోలేదు. మందిరంలో పాడేవాళ్ల నోటివెంట పాటల పుస్తకం మీద వేలు నడిపి అక్షరాలు నేర్చుకున్నాను, ఆ తర్వాత బైబిలు, ఆ తర్వాత చేతికందిన ప్రతి కాగితం చదివాను. కాబట్టి నాకు చదువంటే గిట్టదని ఎవరూ అనుకోవద్దు. చదువు పేరుతో ఆ పిల్లకు చేసింది నాకు గిట్టలేదు, ఇన్నేళ్లయినా గిట్టదు.

ప్రసన్న తండ్రి, మా అబ్బాయి దానియేలు, సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని, డాక్టరును చేయాలని, పిల్లను నందిగామలో ఒక హాస్టలు కాలేజీలో వేశాడు. ఆ కాలేజీ పేరు రాయను. అక్కడ ప్రతి ఆదివారం, మనం ఆరాధనలో కూర్చునే వేళకు, వారం పరీక్ష పెట్టేవారు. సోమవారం మార్కులు చదివి సెక్షన్లు మార్చేవారు. మార్కులు తగ్గిన పిల్ల తన ట్రంకుపెట్టె, పరుపుచుట్ట తానే ఎత్తుకుని, టిఫినుకు నిలబడ్డ వరస ముందు నుంచే కింది సెక్షను గదికి పోవాలి, పక్కపిల్ల చెయ్యి వేయకూడదు. దీనికి వాళ్లు క్రమశిక్షణ అని పేరు పెట్టారు. క్వారీలో రాయి ఎత్తేటప్పుడు పక్కవాడు చెయ్యి వేస్తే మా మేస్త్రి ఏనాడూ వద్దనలేదు.

మొదటి సంవత్సరం ప్రసన్న పై సెక్షనులోనే ఉంది. రెండో సంవత్సరం ఒకసారి పెట్టె మోసి కిందికి దిగింది, కష్టపడి పైకి వచ్చింది, మళ్లీ మోసింది. ఆ తర్వాతే ఈ వణుకు.

కాలేజీవాళ్లు కబురు చేస్తే నేనూ దానియేలూ బస్సెక్కి పోయాం. "యాక్షనండీ ఇదంతా, పరీక్షల ముందు పిల్లలు ఇట్టాగే చేస్తారు, గారాబం చెయ్యమాకండి" అంది వార్డెను. విజయవాడలో నరాల డాక్టరు చూసి, చేతిలో లోపం లేదు, కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వండి అన్నాడు. లోపం లేదన్న మాట దానియేలు విన్నాడు, విశ్రాంతి అన్న మాట వినలేదు. వారం ఇంట్లో ఉంచి సోమవారం మళ్లీ దింపి వస్తానన్నాడు.

వీధిలో మాటలు లేచాయి. ఎదురింటి కోటమ్మ పంపు దగ్గర, "డాక్టరమ్మ అవుద్దనుకుంటే పేషెంటమ్మ అయి వచ్చిందే" అని అందరినీ నవ్వించింది. సాయంత్రానికి తనే ఒక తాయెత్తు తెచ్చి, "మీ దేవుడేం అనుకోడులే బాబాయ్, కట్టు" అంది. కట్టలేదు. మా సంఘంలో ఒకాయన ఇది దురాత్మ అన్నాడు, పిల్ల వింటుండగానే అన్నాడు. ఆ ఇద్దరిలో నాకు కోటమ్మే నయమనిపించింది.

ఆదివారం సాయంత్రం పాస్టరుగారు మా ఇంట్లో గృహకూడిక పెట్టారు. మా కూడికల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరి కోసం కూడామో వాళ్లు అందరికంటే చివర ప్రార్థించాలి, ఒక్కొక్కరు ముగించగానే మిగతావాళ్లు ఆమేన్ అనాలి. ఆమేన్ అన్నామంటే ఆ ప్రార్థన మాదీ అని దేవుని ఎదుట ఒప్పుకున్నట్టు. అంత పెద్ద మాటను మేము అలవాటు కొద్దీ అనేస్తుంటాం.

అందరూ ర్యాంకే అడిగారు. ప్రభువా, విజయవాడలోనే సీటు దయచేయుము అని ఒకరు, గుంటూరులో అయినా ఫరవాలేదు తండ్రీ అని ఒక సహోదరి. దానియేలు ఏడుస్తూ, చెయ్యి బాగుచేసి నా బిడ్డను రేపు కాలేజీకి పంపుము అన్నాడు. అన్నిటికీ ఆమేన్ అన్నాం. చివరికి ప్రసన్న వంతు వచ్చింది. చున్నీ తలమీదికి లాక్కుని నెమ్మదిగా అంది:

"ప్రభువా, నాకు ర్యాంకు వద్దు. నా చెయ్యి నాకియ్యి. నన్ను మళ్లీ ఆ పెట్టె మొయ్యనియ్యమాకు. ఇంట్లో ఉండి చదువుకుంటాను. యేసు నామమున అడుగుతున్నాను తండ్రీ."

ఆమేన్ అన్నాం. దానియేలు గొంతే అందరికంటే గట్టిగా వినిపించింది. కళ్లు తెరిచాక గాని దేనికి ఒప్పుకున్నామో ఎవరికీ తలకెక్కలేదు.

"చిన్నపిల్ల, ఏదో అంది. పొద్దున్నే బయల్దేరతాం" అన్నాడు దానియేలు.

"ఆమేన్ అన్నావా లేదా అబ్బాయ్?" అన్నాను.

"అలవాటు మీద అన్నాలే నాన్నా. నా ప్రార్థనక్కూడా మీరంతా అన్నారుగా."

"మేమన్నాం. పిల్ల అనలా. పక్కనే కూర్చున్నా, నాకు తెలుసు."

దానియేలు పాస్టరుగారి వైపు చూశాడు. ఆయన, "నేనూ అన్నాను దానియేలూ. ఇప్పుడు కాదని ఎట్లా చెప్పను?" అన్నారు.

దానియేలు కూతురి వైపు తిరిగాడు. "పెట్టె సంగతి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే తేలికపాటి పెట్టె కొనిస్తానంటావని."

మర్నాడు అతను ఒక్కడే నందిగామ పోయాడు. సాయంత్రం ఆ పెట్టెను బస్టాండు నుంచి ఇంటిదాకా భుజాన మోసుకుని వచ్చి దించాడు.

సహోదరులారా, చెయ్యి ఆ రాత్రికి రాత్రే బాగవలేదు. రెప్పపాటులో జరిగితేనే అద్భుతం అనుకునేవాళ్లకు నా దగ్గర చెప్పడానికేమీ లేదు. ప్రసన్న ఇంట్లో పాఠాలు గొంతెత్తి చదువుకునేది, ఆదివారం మందిరానికి వచ్చేది. నేను పక్కన కూర్చుని అర్థం కానిదల్లా అడిగేవాణ్ణి. ఒక పొద్దున, గుండెలో మంచి రక్తం చెడ్డ రక్తం కలవకుండా ఎట్లా ఉంటాయి అని అడిగాను. నోటితో చెప్పి చెప్పి విసిగి, "ఉండు తాతయ్యా, గీసి చూపిస్తా" అని పెన్సిలు తీసుకుంది. గుండె గీసింది, గదులు గీసింది, బాణాలు పెట్టింది. ఒక్క గీత వణకలేదు. ఆ మాట పైకి అంటే ఆగిపోతుందేమోనని ఊరుకుని, లోపలే ఆయనకు స్తోత్రం చెప్పుకున్నాను.

ఎంసెట్ రాసింది. డాక్టరు సీటు రాలేదు. నర్సింగు చదివింది, ఈనాడు ఒక ఆసుపత్రిలో పసిపిల్లల వార్డులో పనిచేస్తోంది, పసిబిడ్డ సన్నటి నరానికి ఆ చేత్తోనే సూది పెడుతోంది. ర్యాంకు రాలేదు గనక ఇది దేవుని మేలు చెప్పుకునే సాక్ష్యం కిందికి రాదని మా సంఘంలోనే కొందరన్నారు, ర్యాంకులు వచ్చిన పిల్లలనే వేదిక మీదికి పిలిచారు. అందుకే రాస్తున్నాను. మేము అడిగిందంతా పక్కన పెట్టి, ఆ పిల్ల అడిగింది ఇచ్చిన దేవునికే మహిమ. ఈ ఏడు పరీక్షకు కూర్చునే బిడ్డలున్న తల్లిదండ్రులారా, ఆయనను నమ్మండి, మీ బిడ్డను నోరు తెరిచి అడగనివ్వండి. మీరు వినకపోయినా ఆయన వింటాడు, కానీ మీరు కూడా వింటే ఆ బిడ్డకు సుఖం.