దసరా నాటి సానరాయి

దసరా పొద్దున మా బాపు దుకాణంలోకి అడుగు పెట్టగానే నా స్కేట్లు కనిపించాయి. తొర్రూరు బజారులో మాది ఇనుప సామాన్ల దుకాణం. ఆయుధపూజకు కడిగి వరుసగా పెట్టిన కొడవళ్లు, పారలు, గొడ్డళ్ల పక్కన పసుపు కుంకుమలు పెట్టించుకుని, ఐస్ హాకీ ఆడే నా బూట్లు కూర్చున్నాయి. కళ్లు చెమర్చాయి, దాచను. ఇన్నేళ్లలో బాపు వాటిని పనిముట్ల లెక్కలో వేయనే లేదు.

ఎండకు తారు కరిగే మా ఊళ్లో మంచుగడ్డ మీద ఆట అంటే ఎవరికి ఎక్కుతుంది? మానుకోటలో ఉండే మేనత్త అయితే నేను ఐస్‌ఫ్రూట్ బండి పెడుతున్నాననే అనుకుంది. మార్కెట్ యార్డులో వడ్లు ఎత్తేసిన సిమెంటు గచ్చు మీద చక్రాల స్కేట్లతో మొదలుపెట్టి, హైదరాబాద్‌లో ఐస్ ఎక్కి, రాష్ట్ర జట్టు దాకా వచ్చాను. జీతం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. నెలనెలా జీతమిచ్చి ఆడించే జట్టు ఒకటి ఉత్తరాదిన ఎంపికలు పెట్టింది. మర్నాడే జనగామలో రైలెక్కాలి. ఇందులో ఎంపిక కాకపోతే భూపాలపల్లిలో బావ చూసిపెట్టిన ఆఫీసు ఉద్యోగంలో చేరతానని బాపుకు మాటిచ్చాను. మాట తప్పే ఇల్లు కాదు మాది.

ఒక స్కేటు చేతిలోకి తీసుకుని అడుగున వేలు ఆనించాను.

స్కేటు కింది ఉక్కుపట్టీకి కత్తి పదును ఉండదు. మధ్యలో సన్నని గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు. ఆ అంచులే ఐస్‌ను పట్టుకుంటాయి. నా చేతిలో ఉన్నదానికి గాడి లేదు. రెండు వైపులా అరగదీసి, మధ్యకు తెచ్చి, కొడవలిలా ఒకటే పదును పెట్టారు.

"మొద్దువారినయ్ బిడ్డా, చూసుకోవా?" అంటూ బాపు రెండోది అందుకుని పాత పేపరు మీద గీశాడు. పేపరు చప్పుడు లేకుండా రెండు ముక్కలైంది. "గిప్పుడు చూడు. పొద్దుగాల్నే లేచి నేనే సాన వట్టిన."

పక్క దుకాణాల వాళ్లు నిలబడి చూస్తున్నారు. చుట్టుపక్కల ఊళ్ల కొడవళ్లన్నీ ఆయన సాన మీదికే వస్తాయి. ఆ ముఖంలో వెలుగు చూసి చేతిలోని స్కేటును ఉన్నచోటే పెట్టేశాను. కోపం మాత్రం ముంచుకొచ్చింది. అడగకుండా ఎవరు ముట్టుకోమన్నారు?

హైదరాబాద్‌లో వీటికి సాన పట్టే ఒకే ఒక్క మనిషికి ఫోన్ చేస్తే, పండక్కి ఊళ్లో లేనన్నాడు. కొత్త పట్టీలు విదేశాల నుంచి రావాలి. మధ్యాహ్నం అమ్మ వడ్డించిన గారెలు ముట్టుకోకుండానే లేచాను.

సాయంత్రం బాపు చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కాను. తల మీద చెయ్యి వేసినవాడు తీయలేదు.

"ఏమైంది? పొద్దటి సంది గట్లనే ఉన్నవ్."

చెప్పేశాను. గాడి గురించి, అంచుల గురించి. "వీటితోని ఐస్ మీద నిలవడుడు గూడ కాదు బాపూ."

ఆయన వెంటనే చెప్పులేసుకుని దుకాణం వైపు నడిచాడు. అమ్మా నేనూ వెనకే పరుగెత్తాం. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు పనికి వాడరు మాలో. మర్నాటి దాకా సాన తిరగదు.

"పండుగ పూట మిషన్ తిప్పుతవా? ఏమన్నయితే?" అంది అమ్మ.

బాపు సాన మీది బంతిపూల దండ తీసి పక్కన పెట్టాడు. "తప్పు నాది. అమ్మవారికి నేను చెప్పుకుంట."

ముందు ఆ పదును అరగదీసి చదును చేయాలి. తర్వాత రాయి అంచును గుండ్రంగా చెక్కి, దానితో పట్టీ పొడవునా గాడి తీయాలి. చివరికి ఉక్కు ఎంత మిగులుతుందో ఇద్దరికీ తెలియదు. బూటును చెక్కల మధ్య బిగించి నేను పట్టుకున్నాను, ఆయన దాన్ని రాయి మీదుగా మెల్లగా నెట్టాడు. కాస్త అటూ ఇటూ అయితే అంతే సంగతులు. మధ్యలో ఆగాడు, అరచెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు, మళ్లీ మొదలుపెట్టాడు. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

అయ్యాక అంచులు రెండూ సమంగా వచ్చాయో లేదోనని వాటి మీద రూపాయి బిళ్ల అడ్డంగా పెట్టి చూశాం. ఎడమదాని మీద చదునుగా నిలిచింది. కుడిదాని మీద వెంట్రుకవాసి ఒరిగింది. ఇంకా అరగదీస్తే ఉక్కు మిగలదు. ఆయన చూశాడు, నేనూ చూశాను. స్కేట్లు సంచిలో పెట్టుకున్నాను.

ఎంపికల రోజు మొదటి మలుపులోనే కుడికాలు జారి పడ్డాను. మోచెయ్యి ఐస్‌కు కొట్టుకుని కళ్లు బైర్లు కమ్మాయి. లేచి, ఆ కాలి బరువును బాగున్న అంచు మీదికి మార్చుకోవడం ఆడుతూ ఆడుతూనే నేర్చుకున్నాను. సాయంత్రం కోచ్ చదివిన పేర్లలో చిట్టచివరిది నాది.

బాపుకు ఫోన్ చేశాను. ఎంపికయ్యానా అని అడగలేదు.

"పట్టిందా?" అన్నాడు.

"పట్టింది బాపూ."

"కుడిది?"

వాచిన మోచెయ్యి ఒళ్లో పెట్టుకుని, "కుడిది గూడ," అన్నాను. "జట్టుల తీస్కున్నరు."

అవతలి నుంచి కాసేపు ముక్కు ఎగబీల్చిన చప్పుడే వినిపించింది.

ఇప్పుడు జీతం వస్తోంది. మా స్కేట్లకు సాన పట్టడానికి జట్టులోనే మనిషి ఉన్నాడు. అయినా దుకాణంలో ఆ గుండ్రటి అంచు రాయి అలాగే ఉంది. కోతల రోజుల్లో కొడవళ్లు గుట్ట పడినా బాపు దాని మీద ఒక్కటి కూడా పెట్టనివ్వడు. ఎవరైనా అడిగితే, "అది మా బిడ్డది," అంటాడు. దసరాకు మొదటి బొట్టు దానికే పెడతాడు.