మొదటి గ్లాసు కోడలిదే

ఆటోనగర్ గేటు పక్కన సుగంధి షర్బత్ అమ్మే జోగమ్మకి శుభ్రం పిచ్చి. ఆవిడ తోముడు చూస్తే గ్లాసు మీద ఏదో పాత కక్ష ఉందనిపిస్తుంది. భర్త పోయాక పంతొమ్మిదేళ్లుగా అదే బండి, అదే పద్ధతి. మొదటి గ్లాసు ఇంటి మనిషి తాగాలి, ఆ తర్వాతే బేరం.

ఈ ఏడు ఎండలు ముదరకముందే ఫోన్లలో ఒక కబురు తిరిగింది. తీపి పానీయాల్లో కంటికి కనిపించని లోహాలుంటున్నాయనీ, కడుపులో బిడ్డలకి మరీ చేటనీ. నిజమెంతో ఎవరికీ తెలియదు. షెడ్లలో పనిచేసేవాళ్లు మాత్రం బండి దాకా వచ్చి, గ్లాసు వంక అదోలా చూసి వెళ్లిపోతున్నారు. జోగమ్మకి ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ లేని అనుమానం ఇప్పుడెక్కడ నుంచి ఊడిపడిందట!

మర్నాటి నుంచి కోడలు రోజారమణిని బండి పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆ పిల్లకి అప్పుడు మూడో నెల.

"సూడండర్రా, ఒట్టి మనిషి కాదు. అయినా మా కోడలే తాగుతంది. మీకేటి భయం?" అని అరిచేది.

ఆ మాట పారింది. జనం మళ్లీ మూగారు, పాకం చాలకుండా పోయింది. దాంతో ఎక్కువ పాకం కలిపి పెట్టుకోడానికి పాతసామాన్ల కొట్లో ఒక నీలం డ్రమ్ము కొంది. ఆ చుట్టుపక్కల సగం ఇళ్లలో నీళ్లు పట్టుకునేది అలాంటి వాటిలోనే. చింతపండు పెట్టి మూడు రోజులు తోమింది. తల లోపలికి పెట్టి వాసన చూసింది. ఏ వాసనా లేదు. ఇంకేం, శుభ్రమే అనుకుంది. పాపం, ఆవిడకి తెలిసిన పరీక్ష అదొక్కటే.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం, పక్క షెడ్డు నుంచి రోజూ వచ్చే నాగబాబు డ్రమ్ము జరపడానికి సాయం పట్టాడు. అడుగున తెల్ల రంగుతో రాసిన నంబరు చూసి ఆగిపోయాడు.

"పిన్నీ, ఇది మా షెడ్డుదే. ఇనప సామాన్లకి పూతేసే మందు ఇందులోనే వొచ్చేది. ఈ నంబరు నానే రాసాను."

"మూడ్రోజులు తోమాన్రా."

"పిలాస్టిక్కు పీల్చేసుకుంటాది పిన్నీ. తోమితే పోదు. గ్లౌజుల్లేకుండా మేవే ముట్టుకోం."

జోగమ్మ చటుక్కున వెనక్కి తిరిగింది. స్టూలు మీద రోజారమణి అప్పుడే గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంటోంది. జోగమ్మ డ్రమ్ముని రెండు చేతులతో కాలవలోకి ఒంపేసింది.

"అయ్యో, పాకమంతా ఎందుకత్తా పారబోసీసావ్?"

జోగమ్మ దాచలేదు, అంతా చెప్పేసింది. రోజారమణి ఏడవలేదు, తిట్టలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"రెండు నెల్లు తాగీసాను కదత్తా. ఇప్పుడేటవుద్ది?"

జోగమ్మ నాగబాబు వంక చూసింది. అతను అప్పటికే నేల మీద కూలబడిపోయి ఉన్నాడు.

"నీ కోడలు తాగుతందని సూసే, మా ఇంటిదానికీ రోజూ సీసాలో పట్టుకెళ్లాను పిన్నీ. మా దేవిశ్రీకిప్పుడు ఏడో నెల."