బ్రెజిల్ అన్న పసుపు బనియను

మా అన్నను నాంపల్లి గల్లీలో అందరూ బ్రెజిల్ అనేవారు. పసుపు చొక్కాల బ్రెజిల్ వాళ్లు ఫుట్‌బాల్ ప్రపంచకప్పు గెలిచారని పేపర్లో చదివిన రోజు నుంచి అన్న నడకే మారిపోయింది. మైదానం నడుమ నిలబడి జట్టునంతా ఆడించేవాడు గానీ ఇంట్లో మాత్రం నిలిచేవాడు కాదు. గౌలిగూడ జట్టు, చాదర్‌ఘాట్ ఎర్ర చొక్కాల జట్టు, తర్వాత బొంబాయి, ఆపైన కలకత్తా. ఎవరు పిలిస్తే వాళ్ల కోసం రేకు ట్రంకు భుజాన వేసుకుని రైలెక్కేవాడు. స్టేషను ఇంటికి మరీ దగ్గర కావడమే అన్నిటికీ మూలమని అమ్మ నమ్మకం.

ఆ ఏడు ఆబిడ్స్‌లోని ఒక ఆఫీసు వాళ్లు, ఫైనల్ గెలిపిస్తే పర్మనెంటు ఉద్యోగం ఇస్తామన్నారు. ఓడితే మళ్లీ కలకత్తా. అన్న ట్రంకు సర్ది గుమ్మం పక్కనే పెట్టాడు. అటు వెళ్లినప్పుడల్లా అమ్మ దాన్ని కాలితో ఒకటి తన్నేది.

ఆఫీసు జట్టుకూ బ్రెజిల్ మోజే. తెల్ల బనియనుకు పసుపు రంగు వేయించుకుని రమ్మన్నారు. మిగతావాళ్లు అద్దకం దుకాణానికి పోయారు. అమ్మ ఒప్పుకోలేదు.

“ఇంట్ల పస్పు పెట్టుకోని బయటి రంగెందుకు బిడ్డా? శుభం గూడ,” అని గిన్నెడు పసుపు కలిపి బనియను ముంచేసింది. గ్రౌండుకు బయలుదేరిన అన్న దగ్గర పెళ్లికొడుకు వాసన వచ్చింది. నేను నవ్వితే నెత్తిన మొట్టాడు.

ఎదుటి జట్టు ఎవరనుకున్నారు? చాదర్‌ఘాట్ ఎర్ర చొక్కాలే, అన్న పాత నేస్తాలే. అమ్మా నేనూ గోడ వారన నిలబడ్డాం. సన్నగా తుంపర పడుతోంది. చెరో గోల్ అయింది. ఆట ముగియబోతుండగా అన్న బంతి కోసం జారి గీత మీద బోర్లా పడ్డాడు. ఆ గీత తడి సున్నం. పసుపుకి సున్నం తగిలితే ఏమవుతుందో మన ఇళ్లలో చంటిపిల్లలకీ తెలుసు. లేచేసరికి మా బ్రెజిల్ ఛాతీ అంతా ఎర్రగా ఉంది.

అప్పుడే ఎర్ర జట్టు డిఫెండరు, బంతి ఎవరికివ్వాలా అని కంగారుగా తలెత్తాడు. ఎదురుగా ఎర్ర ఛాతీ, అలవాటైన ముఖం. హాయిగా అన్నకే ఇచ్చేశాడు. అన్న ఒక్క క్షణం బిత్తరపోయి, గోల్ కొట్టాడు.

ఎర్ర జట్టంతా రెఫరీని చుట్టుముట్టింది. “ఈయన మావోడే అనుకున్న సార్,” అన్నాడు డిఫెండరు, ఏడుపొక్కటే తక్కువగా.

రెఫరీ అన్నను వెనక్కి తిరగమన్నాడు. వీపు నిగనిగలాడే పసుపు. గోల్ ఇచ్చేశాడు. ఆ గోల్‌తోనే ఫైనల్ మాదైంది.

ఆ ఆనందం నాకు ఇప్పటికీ ఒంట్లో గిలిగింతలు పెడుతుంది. అమ్మను పట్టుకుని గిరగిరా తిప్పేశాను. అమ్మ మాత్రం అన్న ఛాతీ తడిమి, “దిష్టి నీళ్లల్ల ముంచి తీసినట్టున్నవ్. ఇగ నీ తిరుగుడు దిష్టి పోయింది,” అని ఇంటికి నడిచింది. అన్న నన్నూ, ఆ డిఫెండరునూ మొజంజాహీ మార్కెట్‌కు తీసుకుపోయి ఐస్‌క్రీం తినిపించాడు. రెండో కప్పుకి డిఫెండరు కూడా నవ్వాడు.

మేం ఇల్లు చేరేసరికి గుమ్మం పక్కన ట్రంకు లేదు. అన్న బట్టలన్నీ దండెం మీద వేలాడుతున్నాయి. వంటింట్లో అమ్మ ట్రంకు నిండా బియ్యం పోసి, మూత వేసి, దాని మీదే కూర్చుని ఉంది.

“ఇప్పుడు పో, ఏడికి పోతవో,” అంది.