పాడైన అచ్చు

మేస్టారు పోయారని పిన్ని ఫోన్ చేసేసరికి నేను హైదరాబాదులో ఒక నటుడి చెంప మీద కాలిన గాయం అతికిస్తున్నాను. మా నటన మేస్టారి భార్యను పిన్ని అనే పిలుస్తాను. అంచు ముడతపడింది. ఆ గాయం పీకేసి, మళ్లీ మొదటి నుంచి అతికించి, అప్పుడు రైలెక్కాను.

చీపురుపల్లిలో ఆయన దగ్గర రెండేళ్లు నటన నేర్చుకున్నాను. పాఠాల కన్నా స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి, రైలు దిగేవాళ్ల మొహాలు చూపించడమే ఎక్కువ. ఒకసారి ముసలమ్మ వేషం నేనే వేసుకుని ఆయన ముందు నటించాను.

"ముసల్ది బాగున్నాది గానీ, ఏ ఊరుదే? సేపలమ్మినదైతే ఎండకి కళ్లు సికిలించి ఇక్కడ గీతలుండాలి కదేటి?" అన్నారు.

నటన గురించి ఒక్క మాట లేదు. ఒళ్లు మండింది. ఇప్పుడు నాకు అన్నం పెడుతున్నది ఆ ప్రశ్నే.

నటన వదిలేసి, సినిమాలకు గాయాలూ ముడతలూ తయారుచేసే స్పెషల్ మేకప్ నేర్చుకోవడానికి వెళ్తూ ఆయనకు చెప్పలేదు. నా మీద ఆశ పెట్టుకున్న మనిషికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఏడాది తర్వాత వెళ్లి, సంగతి చెప్పి తలవంచుకు నిలబడ్డాను.

"సరే, నా మొకం అచ్చు తీయ్. నా మీదే నేర్సుకో" అన్నారు.

పళ్ల డాక్టర్లు వాడే ముద్దను, ముక్కు రంధ్రాలు వదిలి, మొహమంతా పూశాను. అది గట్టిపడేదాకా కదలకూడదు. సగంలో పెదవి ఒక పక్కకు పోయింది.

"కదలొద్దన్నాను కదండీ!" అని, ముద్ద ఊడదీశాక విసుక్కున్నాను.

"రాణీ ఏసంలో కిరీటం జారిపోతే రెండు సేతుల్తో పట్టుకుని ఏడిసినావు సూడు, అది గుర్తొచ్చి నవ్వాగలేదే. నీకు నటన రాదని నాకెప్పుడో తెల్సు. నీ సేతులు బంగారం. నువ్వే వచ్చి సెప్తావని సూస్తన్నాను."

అక్కడే కూర్చుని ఏడ్చాను. పాడైన అచ్చు పారేద్దామంటే ఒప్పుకోలేదు. అందులోనే ప్లాస్టర్ పోయించుకుని, వచ్చిన మొహాన్ని తన దగ్గర దాచుకున్నారు. రెండోసారి బొమ్మలా కూర్చున్నారు. అది చక్కగా వచ్చింది, ఆ ప్లాస్టర్ మొహాన్ని నాతో తీసుకెళ్లాను.

పెద్దకర్మ రోజున ఆ మంచిదాన్నే గుడ్డలో చుట్టి తెచ్చి, పిన్ని చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది.

"బాగా సేసినావమ్మా. గానీ ఈయన ఇలాగ నోరు మూసుకుని ఎప్పుడున్నారే?"

లోపలికెళ్లి పాడైనదాన్ని తెచ్చి కుర్చీలో పెట్టింది. దండ దానికే వేసింది. ఆ వంకర పెదవి చివర దుమ్ము ఉంటే, అన్నం తిన్నాక మూతి తుడిచినట్టు, కొంగుతో మెల్లగా తుడిచింది.