సలీమన్న ఉపవాసంతో తగ్గలేదు

నిన్న మధ్యాహ్నం జనగామ మార్కెట్‌లో లోడ్ దించుతుంటే ఫోన్ వచ్చింది. మన రేగొండ టైలర్ సలీమన్న ఇక లేడట.

"ఏ సలీమన్న?" అని అడిగాను. ఎంత పిచ్చి ప్రశ్న! నాకున్నది ఒక్కడే సలీమన్న.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

రెండేళ్ల కిందటి అన్న మన ఊరివాళ్లు మీ అందరికీ గుర్తున్నాడు కదా. భారీ మనిషి. మిషన్ తొక్కితే ఆయాసం, నవ్వితే ఆయాసం. ఆస్తమా.

నడిస్తే బరువు తగ్గుతుందంటారు, నడవాలంటే ఊపిరాడదు. ఊపిరి కోసం స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటే ఇంకా లావు. ఎటు తిరిగినా గోడే.

హైదరాబాద్ దవాఖానకు నేనే తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఎక్కువైన కొవ్వు ఊరికే పడి ఉండదట, ఒంట్లో వాపును రేపుతుందట, ఊపిరి గొట్టాలకూ ఆ సెగ తగులుతుందట. పైగా ఛాతీ మీద అంత బరువు. పొట్టను చిన్నది చేసే ఆపరేషన్‌తో బరువు తగ్గితే చాలామందికి ఊపిరి తేలికవుతుందంది.

"ఆస్తమా మాత్రం ఉంటుంది. పీల్చే పంపు, ఈ ఇన్‌హేలర్ మానొద్దు" అని గట్టిగా చెప్పింది కూడా.

అన్న ఆపరేషన్ చేయించుకున్నాడు. ఊళ్లో మాత్రం కడుపులో రాళ్లు తీశారని చెప్పాడు.

"కడుపు కోయించుకొని సన్నబడ్డడంటే నవ్వుతర్రా. జర నువ్వు గూడ చెప్పకు" అని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

కొన్ని నెలలకే సగమయ్యాడు. తన చొక్కాలు తనే విప్పి బిగించి కుట్టుకునేవాడు, మళ్లీ లూజు. ఒకరోజు బస్టాండ్ నుంచి షాపు దాకా ఆగకుండా నడిచొచ్చి, "అరే, ఆయాసం రాలే!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అప్పుడే తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్ష టెంటు పడింది. అన్న ఒక పూట కూర్చున్నాడు. అంతే. సలీమన్న దీక్షతో చిక్కిపోయాడు, ఉపవాసంతో ఆస్తమా కూడా పోయింది అని ఊరంతా ఒకటే మాట.

ఒక్క పూటకు అంత బరువు దిగుతుందా? ఒక్కరూ అడగలేదే! దండలు, మైకులో పేరు.

ఆ పేరుకు మళ్లీ మళ్లీ దీక్షలో కూర్చోబెట్టారు, ఇక ఇరుక్కుపోయాడు. ఆపరేషన్ అయిన మనిషి కొంచెం కొంచెంగా తరచూ తినాలి. టెంటులో అందరి ముందు ఎలా తింటాడు? షమీమ్ వదిన టిఫిన్ డబ్బాతో టెంటు వెనక నిలబడేది.

"ఇప్పుడెట్ల చెప్పాలె రా, గిన్ని దండలు ఏసినంక?" అన్నాడు నాతో. నవ్వుతూనే అన్నాడు కానీ కళ్లలో నీళ్లు.

పంపు ఎవరైనా చూస్తారని పోనుపోను జేబులో పెట్టుకోవడమే మానేశాడు.

నిన్న చెల్పూర్ రోడ్డు మీద ధర్నా. తగలబెట్టిన టైర్ల పొగకు ఆయాసం ఎత్తుకుంది. పంపు ఇంట్లో ఉంది. దవాఖాన చేరేలోపే అయిపోయింది.

ఈ పొద్దున మట్టి ఇచ్చి వచ్చాక వదిన నన్ను పిలిచింది. "దీక్షలతోని ఆయాసం పోగొట్టుకున్నోడని ఫ్లెక్సీ ఏస్తరంట. నిజం చెప్పు తమ్మీ. ఈయన్ని చూసి ఇంకెవరన్న తిండి, పంపు బంద్ జేస్తే ఎట్ల?"

అందుకే ఒట్టు తీసి గట్టున పెట్టాను.

ఫ్లెక్సీ వేయిస్తున్న తమ్ముళ్లూ, దాన్ని మార్చండి. ఉద్యమంలో ఉన్నాడని రాయండి, అది నిజం. తిండి మానేసి బాగుపడ్డాడని మాత్రం రాయకండి. ఆయాసం ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా పంపు వదలకండి. మీకు దండం పెడతాను.

అన్నా, ఇక ఎవరి ముందూ ఊపిరి బిగబట్టక్కర్లేదు. నీ అల్లా దగ్గర ప్రశాంతంగా ఉండు.