పారిపోయిన నీలికుండ

పరాయిదేశం డబ్బుతో జరిగే పరిశోధన మనలాంటివాళ్ళ వ్యాపారానికి పనికొస్తుందా అని ఎవరైనా అడిగితే, నేను బువాలా అక్క రేకుల షెడ్డు చూపిస్తాను. అక్కడ అద్దిన నీలి కండువాలు మా రాజధాని వియంటియాన్ దుకాణాలకు వెళ్తాయి. నాకూ అక్కడే పని, కాదనడానికి నోరు రాదు.

అంతకుముందు మా సవన్నఖేత్ పల్లెల్లో నీలిరంగు మట్టికుండలోనే ఊరేది. పొద్దున్నే వాసన చూసి, దానికి ఏం కావాలో కనిపెట్టి బూడిదనీళ్ళో సారాయో పోయాలి. చావింటికి వెళ్ళొచ్చినవాళ్ళు తొంగిచూస్తే కుండ అలిగి పారిపోతుందనేవాళ్ళు, ఇక బట్టకు రంగు పట్టదు. పరిశోధకులు వచ్చి రంగును పొడి చేసి డ్రమ్ముల్లో కలపడం నేర్పారు. ఎప్పుడు ముంచినా ఒకటే నీలం. అక్క మురిసిపోయి వాళ్ళమ్మ కుండను గాలికొదిలేసింది. అది ఎప్పుడు పారిపోయిందో కూడా చూడలేదు.

వాళ్ళమ్మ పోయాక ఆవిడ కట్టిన లంగా ఒకటి మిగిలింది, బాగా వెలిసిపోయింది. దానికి మళ్ళీ రంగు వెయ్యాలని అక్క డ్రమ్ములో ఒక మూల ముంచి చూసింది.

"ఇది అమ్మ నీలం కాదే," అని చతికిలబడి ఏడ్చింది. అంత ఏడుపు చావురోజున కూడా చూడలేదు.

ఒక్క ఆశ ఉంది. మాలో పెళ్ళై వెళ్ళే ఆడపిల్లకు పెరుగుకు తోడులా అమ్మ కుండలోంచి ఒక గరిటెడు రంగు ఇచ్చి పంపుతారు. అక్క వాళ్ళ చెల్లెలు కొంగ్‌ఖామ్ అలాగే తీసుకుని మెకాంగ్ నది అవతలి ఒడ్డున థాయ్ పల్లెకు కాపురానికి వెళ్ళింది. అక్క లంగా సంచిలో పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని వంతెన దాటే బస్సెక్కింది. దారంతా అమ్మ కబుర్లే.

"నీలిపొడి మహారాణికి ఇన్నాళ్ళకు చెల్లెలు గుర్తొచ్చిందా?" అంటూ కొంగ్‌ఖామ్ ఎదురొచ్చింది.

"అమ్మ రంగు ఒక్క గరిటెడు ఇవ్వవే," అంది అక్క, కూర్చోకుండానే.

చెల్లెలు నవ్వు ఆపేసింది. "ఆ కుండలో మట్టి పోసి ఉల్లికాడలు వేశానక్కా. నువ్వే కదా డబ్బాడు పొడి పంపి, ఇంకా ఆ కంపుకుండతో ఏం తంటాలు పడతావే అన్నావు? నీ మాట మీదే వదిలేశాను."

పెరట్లోకి వెళ్ళాం. అక్క కుండ ముందు గొంతుక్కూర్చుని, మట్టిలోకి వేళ్ళు గుచ్చి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏమైనా తెలుస్తోందా?" అంది కొంగ్‌ఖామ్ మెల్లగా.

"ఉల్లి వాసన," అంది అక్క.

లంగాను సంచిలోంచి బయటికి తియ్యనేలేదు.