శవాన్ని చూసిన పెద్దమనిషి

లండన్ లైమ్‌హౌస్ పేటలో ఉడకబెట్టిన పందిమాంసం అమ్మే ఒబదయా ట్రాంటర్ ఏం మాట్లాడాలన్నా ముందు బొటనవేలు నాకుతాడు. కొవ్వుతో జిడ్డు ఓడే ఆ వేలితోనే ముక్కలు విడదీసి కాగితంలో పెడతాడు. కాలవగట్టున ఎవరో గొంతు కోసి పడేసిన, ఊరూ పేరూ తెలియని ఆడమనిషి కేసులో జ్యూరీకి వెళ్ళొచ్చినప్పటి నుంచీ ఆ వేలికి తీరిక లేదు. జ్యూరీలో ప్రతివాడూ శవాన్ని కళ్ళారా చూడాలని రాణిగారి చట్టం. షెడ్డులో దుప్పటి తీయగానే, నెత్తురు అట్టకట్టిన ఎర్రజుట్టు చూసి తక్కినవాళ్ళు టోపీలు తీశారు. ట్రాంటర్ మాత్రం ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. చంపిందెవరో తెలియదని తీర్పు రాసి అందరూ ఇళ్ళకి పోయారు. మర్నాడు కొట్టు కిటకిటలాడింది. "ఈ చెవి దగ్గర్నుంచి ఆ చెవి దాకా తల్లీ, ఇదిగో, ఇలా" అంటూ కత్తి మాంసంలోకి దించి చూపించేవాడు. వినేవాళ్ళు లొట్టలేసి ఇంకో ముక్క కోయించుకునేవారు.

శనివారం పొద్దున తడిసిన శాలువాతో ఒకామె వచ్చింది. "అయ్యా, ఆమెని పాతిపెట్టేశారంట కదా. మా చెల్లి నెల్లాళ్ళుగా ఇంటికి రాలేదు. ఆ చనిపోయినామె జుట్టు ఏ రంగండీ?"

కొట్టంతా ట్రాంటర్ వైపు తిరిగింది. అతను బొటనవేలు నాకాడు.

"నలుపమ్మా. కాకిరెక్కలా ఉంది. ఈ కళ్ళతో చూశాను."

ఆమె బల్ల పట్టుకుని ఊపిరి వదిలింది. "మా దానిది ఎరుపండీ. మీరు చల్లగా ఉండాలి. ఓ రెండు ముక్కలు కట్టండి, దానికి ఇష్టం. ఈ రాత్రికి వస్తుందేమో."

ట్రాంటర్ అదే వేలితో రెండు ముక్కలు విడదీసి కాగితంలో పెట్టాడు.